రేకు పెట్టె

"ఆ సూది విరగ్గొట్టి పారెయ్యమ్మా," అన్నాడాయన, చొక్కా చెయ్యి కిందికి దించుకుంటూ.

నర్సుకి ఒళ్లు మండింది. కొత్త సూది, ఆయన కళ్లెదుటే కవరు చింపింది. అయినా అనుమానమే.

క్లినిక్కులో పేర్లు అడిగి చిట్టీలు రాసే మనిషి ఇంకా రాకముందే, రేకు కోసుకున్న చేత్తో గుమ్మంలో నిలబడ్డాడాయన. పాపం కదా అని పేరైనా అడక్కుండా కట్టు కట్టి, ఇంజెక్షన్ చేసింది. ఆయన చంకలో మాత్రం తళతళలాడే రేకు పెట్టె ఒకటుంది. దానికి తాళం, మూత మీద సన్నటి చీలిక.

"మీకు పొడిచిన సూది ఇంకొకళ్లకి పొడవం లెండి. భయపడకండి," అంది.

"నా భయం అది కాదు. ఒక్క నిమిషం లోపలి గదిలోకి రా, చెబుతాను."

బెంచీ మీద జనం చెవులు రిక్కించారు. లోపలి గదిలోకి రమ్మనే మగవాళ్లని నర్సు చాలామందినే చూసింది.

"ఏం చెప్పినా ఇక్కడే చెప్పండి."

ఆయన బెంచీ వైపు చూశాడు. పెట్టెను బల్ల మీద పెట్టాడు.

"పోనీ, సూది ఇందులో వెయ్యి. మీకోసమే చేశాను."

ఇది క్లినిక్కు గానీ పాత సామాన్ల కొట్టు కాదని, తీసుకుని దయచేయమని ఆమె గట్టిగానే చెప్పింది.

సూదులు తుంచే మిషన్ అక్కడ లేకపోలేదు. ప్లగ్గు చెడిపోయాక గుడ్డ కప్పుకుని బీరువాలో హాయిగా నిద్రపోతోంది. ముక్కు మీద కోపం ఉన్నప్పుడు బుద్ధి మోకాళ్లలోకి దిగుతుంది కాబోలు, ఆయన చూస్తుండగానే సిరంజిని సూదితో సహా దూది బుట్టలోకి విసిరింది.

ఆయన గబుక్కున బుట్ట వైపు వంగాడు. నర్సు రెక్క పట్టుకుని గుమ్మం దాటించింది. పెట్టె కూడా ఆయన వెనకాలే మెట్ల మీద పడింది.

మధ్యాహ్నం ఆయా ఆ బుట్టను సంచిలోకి వంపి, దూదిని చేత్తో అదిమింది.

"అమ్మా," అంది. పెద్దగా కాదు.

గ్లౌజు లోపల ఎర్రటి చుక్క.

ఆయా ఎవరో కాదు, నర్సుకి సొంత అక్క. చెల్లెలి చదువు కోసం తన చదువు మానుకున్న అక్క. చంటిపిల్లని చంకనేసుకుని పని వెతుక్కుంటుంటే, పాత ఆయా జబ్బు చేసి చనిపోయాక ఖాళీ అయిన ఈ చోటు చెల్లెలే పట్టుబట్టి ఇప్పించింది.

డాక్టరుగారు చెయ్యి కడిగించి, వెంటనే మాత్రలు మొదలుపెట్టించారు.

"ఆ సూది ఎవరిదో తెలియాలి. వాళ్లకి హెచ్ఐవి ఉందో లేదో తేలేదాకా పిల్లకి పాలివ్వొద్దు," అన్నారు.

పిల్ల సీసా ముట్టలేదు. గుక్కపట్టి ఏడ్చింది. అక్క గోడ వైపు తిరిగి కూర్చుంది. పాలు పొంగి జాకెట్టు తడిసిపోతోంది. చెల్లెల్ని ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది నర్సుకి.

ఇక నర్సు ఆయన్ని వెతుకుతూ వీధుల వెంట పడింది. రేకు పని చేసే కొట్టల్లా ఎక్కి దిగింది. చేతికి కట్టున్న మనిషి కోసం కనబడిన వాళ్లనల్లా అడిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తనని తానే తిట్టుకుంది. ఆయనకి ఏ జబ్బూ లేకుండా చూడమని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది.

పొద్దు వాలుతుండగా చివరి కొట్లో దొరికాడు. పొద్దున పడి సొట్టపోయిన పెట్టెను సుత్తితో సరిచేస్తున్నాడు.

ఆమె మొహం చూడగానే సుత్తి ఆగిపోయింది.

"ఎవరికి గుచ్చుకుంది?"

"మా అక్కకి."

ఆయన లేచి నిలబడ్డాడు.

"నాకు హెచ్ఐవి ఉందమ్మా. మందులు ఒక్క పూట కూడా మానను. పద, మీ డాక్టరుకి నేనే చెబుతాను."

పొద్దున ఆ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా అంది నర్సు.

"బెంచీ మీద ఉన్నవాళ్లలో సగం మంది నాకు పనిచ్చేవాళ్లే. అందుకే లోపలికి రమ్మన్నాను."

దారంతా ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపులోనే నోటికొచ్చినట్టు అంది. ఎక్కడెక్కడ తిరిగి తెచ్చుకున్నారో గానీ దానికి మా అక్క బలి కావాలా అని కూడా అంది. ఆయన పెట్టె చంకలో పెట్టుకుని ముందు నడుస్తూనే ఉన్నాడు.

డాక్టరుగారు ఆయన వాడే మందుల గురించి అడిగారు. క్రమంగా వాడుతున్నాడు కాబట్టి ప్రమాదం తక్కువేనన్నారు, కానీ లేదని మాత్రం అనలేకపోయారు. మాత్రలు ఆపొద్దు, పాలివ్వొద్దు, పరీక్షలన్నీ అయ్యేదాకా ఎదురుచూడడమే. అక్క తలూపింది. పిల్ల ఏడ్చి ఏడ్చి ఆమె ఒళ్లోనే సోలిపోయింది.

ఆయన పెట్టెను మళ్లీ బల్ల మీద పెట్టాడు. చీలికలోంచి సూది లోపలికి పోతుంది, చెయ్యి పోదు. పొద్దున ఆయన చెయ్యి తెగింది ఆ చీలిక కోస్తుంటేనేనట. నర్సు కళ్లెత్తి చూడలేకపోయింది.

"ఇది చెయ్యమని మీకెవరు చెప్పారు బాబాయ్?" అంది అక్క, అప్పటికి నోరు విప్పి.

ఆయన మూలనున్న చీపురు వైపు చూశాడు.

"నీకంటే ముందు ఆ చీపురు పట్టింది నా భార్యే తల్లీ. ఆ బుట్టలోనే తనకి సూది గుచ్చుకున్న రోజున, అది ఎవరిదో వెతకడానికి ఇక్కణ్ణించి ఎవరూ పరిగెత్తలేదు."