మళ్ళీ సరళి నుంచి

"ఆపు" అంది వీరలక్ష్మి.

ఫోన్‌లో తడబడుతూ మోగుతున్న వీణ ఠక్కున ఆగింది.

"వర్ణం వద్దు. రేపటి నుంచి సరళీ స్వరాలు. మొదటినుంచీ."

మంచం పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డ మేనకోడలు సంధ్య తెల్లబోయింది. సరళీ స్వరాలంటే వీణ ముట్టుకున్న మొదటి వారం నేర్పేవి. అవతల వాయించే శిష్యురాలు ప్రశాంతి ఈ ఇంటికి పాఠానికి రావడం మొదలై ఆరేళ్ళయింది.

"అదేంటత్తా! దానికి ఏడు వర్ణాలు వచ్చు. నీ కీర్తన చెప్తానన్నావు కదా?"

"చెయ్యి తప్పింది. వినపడటం లేదూ?" అని గోడవైపు తిరిగి పడుకుంది వీరలక్ష్మి.

ఆ కీర్తన సంగతి చెప్పుకోవాలి. వీరలక్ష్మి గురువుగారు కట్టింది. కాగితం మీదికి ఎక్కలేదు. చేతి నుంచి చేతికి రావాల్సిందే. ఆయన పోయాక అది వీరలక్ష్మి ఒక్కదాని దగ్గరే మిగిలింది.

ముప్ఫై ఏళ్ళ కిందట గోదావరి వైపు నుంచి వచ్చి మాదాపూర్‌లో పాఠాలు మొదలుపెట్టింది. అప్పుడక్కడ బండరాళ్ళు, సీతాఫలం చెట్లు. పెళ్ళిళ్ళలో వాయించింది. జనం భోజనాల వైపు లేచిపోతుంటే కూడా వాయించింది. తర్వాత అద్దాల మేడలు లేచాయి. కార్లలో పిల్లలు దిగారు. మూడు గీతాలు రాగానే ఒకరు ఈతకి, ఒకరు డాన్సుకి వెళ్ళిపోయారు. కీర్తన అందుకునే చెయ్యి ఒక్కటీ దొరకలేదు.

చివరికి దొరికింది ఎవరయ్యా అంటే, రాయదుర్గం ఆఫీసులో ఊడ్చే బాలమ్మ కూతురు ప్రశాంతి.

ఏమాటకామాట, అలాంటి చెయ్యి వీరలక్ష్మి మళ్ళీ చూడలేదు. తన పాత వీణ ఇచ్చి నానక్‌రామ్‌గూడలో వాళ్ళింటికి పంపింది. పాఠమైనంతసేపూ బాలమ్మ గుమ్మం పక్కన కూర్చుని తలూపేది.

"ఏం బాలమ్మా, నువ్వూ వాయిస్తావా ఏంటి?"

"నా చేతులకు చీపురే మంచిగొస్తదమ్మా. మీరు దానికి చెప్పుండ్రి."

పిల్ల డిగ్రీకొచ్చింది. తెలంగాణ ఉద్యమం కూడా అప్పుడే ముదిరింది. ప్రశాంతి ఊరేగింపుల్లో తిరిగి, గొంతు బొంగురుపోయి పాఠానికొచ్చేది.

"జెండా కర్రలు పట్టుకుంటే వేళ్ళు మొద్దుబారతాయే" అని తిట్టేది వీరలక్ష్మి.

"ఒక చేత్తోటి జెండా, ఇంకో చేత్తోటి వీణ, టీచరమ్మా. తెలంగాణ ఒచ్చినా మిమ్మల్ని మాత్రం పంపియ్యం. ఫికర్ చెయ్యకుండ్రి."

"పంపితే మాత్రం కదుల్తానటే, పిచ్చిమొహమా!"

ఇద్దరూ నవ్వుకునేవారు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. ఆ వారమే వీరలక్ష్మికి పక్షవాతం వచ్చింది. ఎడమచెయ్యి పడిపోయింది. వీణ మెట్ల మీద నడిచే చెయ్యి అదే. ఇక వాయించడం కల్ల.

ఆమె మందు మింగనంది. అన్నం వద్దంది. ఒకటే మాట, "ప్రశాంతిని పిలవండి."

సంధ్య బాలమ్మకి ఫోన్ చేసింది.

"బస్సుల్లేవు కదా, పిల్లని ఫోన్‌లోనే వాయించమనండి. దాని వీణ వింటేనే అత్త మందేసుకుంటుంది. ఏ చెడు వార్తా చెవిన పడకూడదన్నారు డాక్టరుగారు. ఇంట్లో టీవీ కూడా తీసేశాను."

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

"సరే బిడ్డా" అంది బాలమ్మ. "పిల్లకు గొంతు పోయింది. మాట్లాడరాదు. వాయిస్తది."

అలా మొదలైన పాఠం అది. ఆ మర్నాటి నుంచి రోజూ పది గంటలకి ఫోన్ మోగేది. అవే ఏడు స్వరాలు. ఎక్కడం, దిగడం.

"చిటికెన వేలు పక్క తీగల మీద పడదేం? తాళం ఎవరేస్తారు, మీ తాతా?"

వీణ మళ్ళీ మొదలయ్యేది.

ఒక్కోరోజు గొంతు మెత్తబడేది. "వేళ్ళు తెగాయా? కొబ్బరినూనె రాసుకో. నెత్తురొస్తే ఆ పూటకి ఆపెయ్యమ్మా. నాకేం తొందర లేదు."

ఫోన్ పెట్టేశాక మాత్రం వీరలక్ష్మి కళ్ళు కారుతూనే ఉండేవి.

"కీర్తన నాతోనే పోతుందే" అంది ఒకసారి.

సంధ్యకి ఒళ్ళు మండింది. "పోదూ మరి! ఉన్న ఒక్క శిష్యురాలినీ పట్టుకుని సరిగమలు రుద్దిస్తుంటే! ఆ పిల్ల ఎంత చిన్నబుచ్చుకుంటోందో తెలుసా?"

వీరలక్ష్మి కుడిచేత్తో దుప్పటి మీద తాళం వేస్తూ ఉండిపోయింది.

నలభై రెండు రోజులకి సమ్మె ఆగింది. వీధిలో బస్సు హారన్ వినపడగానే సంధ్య ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు పాఠంలో సరళీ స్వరాలు మొదటిసారి ఒక్క తప్పూ లేకుండా వచ్చాయి. సంధ్య ఫోన్ దగ్గరికి వంగింది.

"ప్రశాంతీ, బస్సులు తిరుగుతున్నాయే! రేపు వచ్చెయ్. ఎదురుగా కూర్చుని కీర్తన నేర్చుకుందువు గాని."

అవతల ఒక తీగ మోగి ఆగిపోయింది.

బాలమ్మ గొంతు వినపడింది. "రేపంటే... పిల్లకు ఇంకా పానం మంచిగలేదు బిడ్డా... జర తక్కువైనంక..."

వీరలక్ష్మి కుడిచెయ్యి చాపింది. సంధ్య చేతిలోంచి ఫోన్ అందుకుని చెవికి ఆనించుకుంది.

"బాలమ్మా, మొదటిరోజు మొదటి మీటుకే తెలిసిపోయింది నాకు, వాయిస్తున్నది నువ్వని, పిల్ల ఇక లేదని, రేపు బస్సెక్కి నువ్వే రా తల్లీ, తర్వాతి పాఠం జంట స్వరాలు నీ పేరుతోనే మొదలుపెడదాం."