సానరాయి మీద పందెం

"ఈ ఏడు టర్కీ కోడిని కర్ట్ కోస్తాడు. ఇక ఊరుకో," అంది మార్లిస్, కత్తిని మొగుడికి అందకుండా వెనక్కి దాచుకుంటూ.

"నేనుండగా నా బల్ల దగ్గర అల్లుడు కోస్తాడా? ఇలా ఇయ్యి!" ఎల్డన్ చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి వణికింది. ఇద్దరూ చూశారు, చూడనట్టే ఊరుకున్నారు.

పెళ్ళయిన నాటి నుంచీ థ్యాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోసింది ఎల్డనే. బల్ల చివర కత్తి పట్టుకుని నిలబడ్డవాడే ఇంటిపెద్ద. అయితే మొన్న ఈస్టర్ నాడు హామ్, అదే పందితొడ మాంసం, కోస్తుంటే కత్తి జారి బొటనవేలు తెగింది. రక్తం పలచబడే మాత్రలు మింగే ఒళ్ళాయె, నెత్తురు ఎంతకీ ఆగలేదు. పళ్ళాల ముందు నుంచి లేచి అందరూ ఆసుపత్రికి పరుగెత్తారు.

"తప్పు నా చేతిది కాదు మార్లిస్, కత్తిది. పదును నిలవడం లేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు కత్తినంటావేం? ఈ సానల కొట్టంతా అందుకేగా తెచ్చిపెట్టావు!"

వంటగట్టు మీద గాడిలో పెట్టి లాగే సాన ఒకటి, కరెంటు సాన ఒకటి ఉన్నాయి. మొదటిది కత్తి వాదరని కొరికేస్తోందని పక్కన పడేశాడు. రెండోది ఉక్కుని తినేస్తోందని తిట్టిపోశాడు. ఏది వాడినా అదే తంతు. నూరగానే కాగితం సర్రున తెగేది, తినే వేళకి కత్తి చచ్చి ఊరుకునేది. చివరికి సానరాయి కొన్నాడు. అది పొద్దున్నుంచీ గిన్నెడు నీళ్ళలో నానుతోంది.

"ఇదే ఆఖరు," అన్నాడు ఎల్డన్. "దీంతో కూడా పదును నిలవకపోతే నా చేతిలోనే పస పోయిందని ఒప్పుకుంటా. కత్తి కర్ట్‌కి ఇచ్చేస్తా. మళ్ళీ ముట్టుకోను."

మార్లిస్ అతని బొటనవేలి మచ్చ వంక చూసింది. "మాట తప్పవు కదా?"

"తప్పను."

"అయితే నూరుకో." కత్తి ఇచ్చేసింది. ఇంత సులువుగా లొంగుతుందని అతను అనుకోలేదు.

తడిగుడ్డ పరిచి రాయి కదలకుండా పెట్టాడు. వాదర రాయికి ఆనగానే చిత్రంగా వణుకు సర్దుకుంది. కత్తి వీపు కాస్త ఎత్తి, ఒకే వాలులో, రెండు వైపులా ఓపిగ్గా నూరాడు. అంచున లేచిన సన్నటి ముల్లుని చివర్లో తేలిగ్గా రాసి తీసేశాడు. ముల్లు ఉండిపోతే పదును ఉత్తుత్తిదే, మాంసం దగ్గరికొచ్చేసరికి మడత పడుతుంది. ఈసారి ఆ పొరపాటుకి తావివ్వలేదు. కిరాణా కొట్టువాళ్ళు పంచిన కాగితం గాలిలో పట్టుకుని గీశాడు. రెండు ముక్కలూ నేలకి జారాయి.

"చూశావా!" చిన్నపిల్లాడిలా అరిచాడు.

మార్లిస్ మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "చూశాలే. గ్యారేజీలోంచి కుర్చీలు పట్రా, పిల్లలొచ్చే వేళయింది."

అతను కుర్చీలు మోసుకొచ్చేసరికి ఆమె సింకు దగ్గర కాఫీ కప్పు కడుగుతోంది. కత్తి బల్ల మీద, టర్కీ పళ్ళెం పక్కన సిద్ధంగా ఉంది.

ప్రార్థన అయింది. కూతురు జేనెల్, కర్ట్, వచ్చిన చుట్టాలూ అందరూ ఎల్డన్ వంకే చూస్తున్నారు. అతను లేచి టర్కీ రొమ్ము మీద కత్తి ఆనించి లాగాడు. దిగలేదు. నొక్కాడు. తోలు చిరిగింది, మాంసం పీలికలైంది. ఇంకా నొక్కాడు, కత్తి పక్కకి జారబోయింది.

"మెల్లగా నాన్నా!" అంది జేనెల్. మార్లిస్ బల్లగుడ్డని పిడికిట్లో బిగించింది.

ఎల్డన్ ఆగిపోయాడు. తన పని అయిపోయిందన్నమాట.

"కర్ట్, నువ్వు రా."

"అబ్బే, మీరే కానివ్వండి..."

"రమ్మన్నానా!"

కర్ట్ మొహమాటంగా వచ్చి కత్తి అందుకున్నాడు. తొడ కీలు దగ్గర గట్టిగా నొక్కాడు. కత్తి ఎముక మీంచి జర్రున జారింది. "అబ్బా!" తెల్లగుడ్డ మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. జేనెల్ కెవ్వుమంది.

"చిన్నదేలే," అన్నాడు కర్ట్ వేలు నోట్లో పెట్టుకుంటూ. "మొద్దు కత్తితో ఇదే గొడవ. పట్టు దొరక్క జారుతుంది, జారి మనల్నే కోస్తుంది."

ఎల్డన్ బ్యాండేజీ కోసం వంటింట్లోకి నడిచాడు. గట్టు మీద మార్లిస్ పింగాణీ కాఫీ కప్పు బోర్లించి ఉంది. దాని అడుగున, మెరుగుపూత లేని గరుకు అంచు మీద, నల్లటి గీతలు. వేలితో రుద్దాడు. ఉక్కు మసి వేలికంటింది. వాదరని నిలువుగా పెట్టి ఆ గరుకు మీద నాలుగు రుద్దులు రుద్దితే ఎంత పదునైనా చావాల్సిందే.

వెనక మార్లిస్ నిలబడి ఉంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"నీ చెయ్యి వణకడం మొదలైనప్పట్నుంచి. మొద్దుగా ఉంటే నీ వేలు తెగదు కదా అనుకున్నా ఎల్డన్. ఈస్టర్ ముందు కూడా..." కర్ట్ అన్న మాట అప్పుడు తగిలిందామెకి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయితే ఆవేళ నిన్ను కోసింది నేనా?"

ఎల్డన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. పైకి కత్తినన్నా, ఇన్నాళ్ళూ లోలోపల తన చేతినే తిట్టుకున్నాడు. తప్పు చేతిది కానే కాదు! బల్ల దగ్గరికెళ్ళి ఒక్క మాట చెబితే చాలు, పోయిన పరువంతా తిరిగొస్తుంది.

మార్లిస్ చేతుల వంక చూశాడు. అవి తన చేతులకన్నా ఎక్కువ వణుకుతున్నాయి.

"బ్యాండేజీ దొరికిందా నాన్నా?" జేనెల్ కేకేసింది. "ఇంతకీ ఆ కత్తికేమైంది?"

ఎల్డన్ కప్పుని తిరగేసి, అడుగు కనబడకుండా అరలో పెట్టి తలుపు మూశాడు.

"కత్తికేం కాలేదమ్మా," అని గట్టిగా అరిచాడు, "నాకే నూరడం చేతకాలేదు!"