నాలుగో దెబ్బకు టుక్కు

“కళ్ళు కనపడవా?” టాక్సీ స్టాండు మొత్తానికీ వినపడేలా అరిచాడు పొడుగు డ్రైవరు.

“కనపడవు బాబూ,” అన్నాడు కింద పడినాయన, చేతికర్ర కోసం తడుముకుంటూ.

పొడుగు డ్రైవరు నాలుక కరుచుకున్నాడు.

కారు దిగి పరుగున వచ్చింది స్టాండు పక్క షెడ్డులో కార్లు బాగుచేసే మేస్త్రి కూతురు. ఆ స్టాండులో ఆమె కూడా డ్రైవరే. అందరికీ చూపిద్దామని షోరూమ్ వాళ్ళని బతిమాలి ఒక్కపూటకి ఎలక్ట్రిక్ కారు తెచ్చింది. అది కాస్తా పిల్లిలా వచ్చి ఆయన మోకాలికి తగిలింది.

“దెబ్బ తగిలిందా బాబాయిగారూ?”

“లేదమ్మా. వస్తున్నట్టు వినపడలేదు, అంతే.”

“విన్నారా!” అంటూ షెడ్డులోంచి స్పానరు ఊపుకుంటూ వచ్చాడు మేస్త్రి. దొరక్క దొరక్క సాక్ష్యం దొరికింది మరి.

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. బానెట్ ఎత్తకుండానే, ఇంజను చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయనకి అదే పేరు, అదే కూడు. ఇప్పుడేమో స్టాండులోని పన్నెండుమంది పెట్రోలు కార్లు వదిలి ఎలక్ట్రిక్‌కి మారాలా వద్దా అని ఆ పూటే చేతులెత్తి తేల్చుకోబోతున్నారు. చప్పుడే లేని బండ్లు వస్తే చెవి మేస్త్రి చెవులు కళ్ళజోడు తగిలించుకోడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

పడినాయన్ని షెడ్డులో స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. వాదన మొదలైంది.

“దారి మధ్యలో చార్జింగ్ అయిపోతే ఏం చేస్తావే?”

“నీ పాత కారుని నేనెన్నిసార్లు తోశాను నాన్నా?”

అందరూ గొల్లున నవ్వారు. ఇంట గెలవలేనివాడు రచ్చ గెలుస్తాడా?

“మరి నీ దగ్గు? అదెవరి పొగ?”

“నాదే. నా పొగ, నా ఇష్టం.”

“దగ్గేది నువ్వు. నిద్రలేనిది అమ్మకి.”

మేస్త్రి గబుక్కున స్టూలు వైపు తిరిగాడు. “మీరేం చేస్తుంటారండీ?”

“వింటుంటానండి. రోజూ రోడ్లెంబడి తిరిగి వింటుంటాను.”

“వినడానికి జీతమెవరిస్తారు?”

“మీకిస్తున్నారుగా.”

మేస్త్రికి ముచ్చటేసింది.

“మీ కారొకటి వినిపిస్తారా?” అడిగాడాయన.

అడగడమే ఆలస్యం. మేస్త్రి తన పాత కారు ఎక్కి తాళం తిప్పాడు. ఎన్నిసార్లు విప్పి, ఎన్నిసార్లు బిగించాడో లెక్కలేని ఇంజను అది. స్టూలు మీదాయన తన ఫోను ముందుకు చాపాడు.

“ఫోనెందుకు?”

“మావాళ్ళకి వినిపిద్దామని.”

“వినిపించండి. వాళ్ళ జన్మ ధన్యమవుతుంది.”

ఆయన తల వంచి చాలాసేపు విన్నాడు. “నాలుగు దెబ్బలకొకసారి సన్నగా టుక్కుమంటోందేం?”

ఆ టుక్కు ఇన్నేళ్ళలో తండ్రికీ కూతురికీ తప్ప ఇంకెవరికీ వినపడలేదు.

“అది జబ్బు కాదు,” మీసం మెలేశాడు మేస్త్రి. “నా సంతకం. నేను బిగిస్తే అలాగే పలుకుతుంది.”

“సంతకం బాగుందండీ.”

మేస్త్రి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. “అయితే మీరే చెప్పండి. ఏ కార్లు కావాలి?”

“ఎలక్ట్రిక్కేనండి.”

మేస్త్రి మొహం మాడిపోయింది. “ఇందాక ప్రాణం పోయేది! ఇంకా దానికే వకాల్తానా?”

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేస్త్రీ?” అన్నాడు పొడుగు డ్రైవరు.

“పీల్చిన పొగని వెనక్కి పంపలేమండీ,” అన్నాడాయన. “చప్పుడంటారా, తెచ్చుకోవచ్చు.”

“చప్పుడేమన్నా అంగట్లో దొరుకుతుందా?”

ఆయన నవ్వి లేచాడు. మేస్త్రి గొంతు వచ్చిన వైపు చెయ్యి చాపాడు.

“చేతికి గ్రీజుంది,” అన్నాడు మేస్త్రి పొడిగా.

“నాకు కనపడదులెండి.”

చెవి మేస్త్రి ఆ మాట వినపడనట్టే ఊరుకున్నాడు. చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, మెల్లగా కర్ర మీదికి వెళ్ళిపోయింది.

చేతులెత్తారు. పెట్రోలుకి ఐదు, ఎలక్ట్రిక్‌కి ఏడు. ఆ ఏడింటిలో కూతురి చెయ్యే అందరికంటే ఎత్తున ఉంది.

వాళ్ళు కోరుకున్న ఎలక్ట్రిక్ కార్ల కొత్త మోడలు రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఈలోగా పాత కారు సామాన్లు దొరక్క మూలపడింది. టుక్కు కాస్తా తుక్కయిపోయింది. దాన్ని లారీ ఎక్కించిన రోజు మేస్త్రి అన్నం ముట్టలేదు.

ఒకరోజు పొద్దున్నే షెడ్డు ఊడుస్తున్న మేస్త్రి చటుక్కున తలెత్తాడు.

మలుపు అవతల నుంచి మెత్తని చప్పుడు. ఒకటి, రెండు, మూడు... టుక్కు.

చీపురు కింద పడేశాడు. “నా కారు!”

మలుపు తిరిగి వచ్చింది మాత్రం తళతళలాడే ఎలక్ట్రిక్ కారు. స్టీరింగు దగ్గర కూతురు నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది.

“మెల్లగా పోయేటప్పుడు నడిచేవాళ్ళకి వినపడాలని పెట్టారంట నాన్నా. ఈ మోడలు కార్లన్నీ ఇలాగే పలుకుతాయంట.”

“అన్నీనా?”

“అన్నీ. వేలకి వేలు.”

మేస్త్రి గుండె ఉప్పొంగింది. పొడుగు డ్రైవర్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. “విన్నావురా? అది నేను! మా అమ్మాయి కారులో నేనే పలుకుతున్నాను!”

మళ్ళీ మళ్ళీ నడిపించుకుని విన్నాడు. నాలుగోసారికి ఆగి, షెడ్డులోని ఖాళీ స్టూలు వైపు చూశాడు. గుడ్డ తీసుకుని చేతుల గ్రీజు గట్టిగా తుడవసాగాడు.

“ఇది పెట్టించినాయన్ని నేను కలవాలి తల్లీ.”

“ఈ కార్ల కంపెనీలో చప్పుళ్ళ విభాగానికి పెద్ద ఇంజనీరంట, పోయిన నెలే రిటైరై ఊరు మారిపోయారంట,” అంది కూతురు. “టుక్కు తీసెయ్యమని అందరూ పట్టుబట్టినా, ‘అది ఒక మేస్త్రి సంతకం, దాని జోలికి రావద్దు’ అని ఆఖరి రోజుదాకా కొట్లాడారంట నాన్నా, ఆ చూపులేనాయన.”