మూడో పాసు

మీటింగు మధ్యలో రఘునందన్ ఫోను మళ్ళీ మోగింది.

'గేటు దగ్గర: రేవతి. పని: ఊరికే.'

రోజూ ఇదే వరస. మధ్యాహ్నం కాగానే ఆ రేవతి ఎవరో ఢిల్లీ మయూర్ విహార్‌లో వాళ్ళ సొసైటీ గేటు దగ్గరికి రావడం, గార్డు ఫోనుకి కబురు పెట్టడం, ఆఫీసులో కూచుని ఇతను 'రానివ్వు' అని నొక్కడం.

ఆఫీసులో జరుగుతున్నదేమో మనిషికి కనీస అవసరాలంటే ఏమిటో తేల్చే కమిటీ. ఫ్యాను అవసరమా, విలాసమా అన్న దగ్గర పొద్దుటి నుంచీ బండి కదల్లేదు.

విసుగ్గా నొక్కి ఫోను బోర్లించాడు.

ఆ వేళ ఇంట్లో తల్లి అన్నపూర్ణేశ్వరి ఒక్కతే ఉంటుంది. వేసవిలో ఆవిడకి చిన్న స్ట్రోకు వచ్చింది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి గానీ మాట తడబడుతుంది. ఒకటి అనబోతే ఇంకోటి వస్తుంది.

"స్నిగ్ధా, ఆ దిండుతో కాసిని మంచినీళ్ళు ఇయ్యమ్మా" అంటుంది.

మనవరాలు కిసుక్కుమంటుంది. "దిండు నహీ నానమ్మా, గ్లాస్!"

"గ్లాసమ్మా. ఏదీ, నెమ్మదిగా అను" అంటాడు రఘునందన్. ప్రేమతోనే అంటాడు పాపం.

ఆవిడ మొహం చిన్నబోతుంది. ఇక ఆ పూటకి నోరు విప్పదు.

అందుకే శనివారాలు ఇంటికొచ్చి మాట నేర్పేందుకు జశ్వంత్ అనే స్పీచ్ థెరపిస్టుని పెట్టాడు.

ఒకరోజు జ్వరమొచ్చి మధ్యాహ్నమే ఇంటికొస్తే, మూసిన గది తలుపు వెనక తల్లి గొంతు గలగలా వినబడింది. గోదారి, పడవ, పెళ్ళినాటి వాన... ఆగకుండా చెప్పేస్తోంది. మధ్యమధ్య ఎవరో "ఊఁ", "ఆఁ" అంటున్నారు.

'అమ్మకి కబుర్లకి ఈ రేవతి అనే తెలుగావిడ దొరికిందన్నమాట' అనుకుని మాత్ర వేసుకుని పడుకున్నాడు.

సాయంత్రం భార్య సుభాషిణితో గొప్పగా అన్నాడు: "జశ్వంత్ వైద్యం పనిచేస్తోంది!"

ఇంతలో సొసైటీలో రెండు సైకిళ్ళు పోయాయి. ఆదివారం అందరూ కూడారు. బయటివాళ్ళ రాకపోకలు ఎక్కువయ్యాయట. ఇకనుంచి ఇంటికి మూడే గేటు పాసులు, అదీ కనీస అవసరమైన వాళ్ళకే.

"రూల్స్ మీరే రాయాలి సర్, మీ ఆఫీసు పనే కదా!" అన్నారంతా.

రఘునందన్ ఉబ్బిపోయి పెన్ను తీశాడు.

"కుక్కని తిప్పేవాడు రాకపోతే మా బ్రూనోకి డిప్రెషన్ వస్తుంది భాయీసాబ్!"

"అచ్ఛా, ఠీక్ హై. అవసరమే."

యోగా టీచరు అవసరమైపోయాడు. గోళ్ళు తీర్చే అమ్మాయి కూడా అవసరమే అయింది. రఘునందన్ ఇంట్లో ఒకటి వంటావిడకి, ఒకటి పనమ్మాయికి పోగా, మూడో పాసు జశ్వంత్‌కి దక్కింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర తల్లి అతని చొక్కా పట్టుకుంది.

"రేవతికి... రేవతికిరా..."

"ఆవిడ ఏం చేస్తుందమ్మా? వంటా, వైద్యమా? ఊరికే కూచుని పోతుంది."

"అలా కాదు... అది నాకు... తలుపు..."

"తలుపేంటమ్మా? కాలక్షేపమా?"

ఆవిడ చొక్కా వదిలేసింది.

మర్నాడు మీటింగులో ఫోను మోగింది. 'వద్దు' అని నొక్కాడు. ఆ మర్నాడూ అంతే. ఇంకో రోజు మోగింది, తర్వాత మోగడం మానేసింది. మధ్యాహ్నం అయ్యేసరికి ఎందుకో చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయేది. కుదురుగా కూచోలేకపోయేవాడు.

ఇంట్లో తల్లి పూర్తిగా మాట మానేసింది. కంచం కూడా నెట్టేస్తోంది.

శనివారం రాగానే జశ్వంత్ మీద విరుచుకుపడ్డాడు. "ఇన్నాళ్ళూ తెప్పించిన మాట ఏమైందయ్యా?"

"నేనెక్కడ తెప్పించాను సర్? నా ముందు ఆంటీ నాలుగు మాటలు అంటే గొప్ప. అయినా వారం వారం నేనొచ్చేసరికే కాస్త మెరుగ్గా ఉండేవారు. మీ ఇంట్లో ఎవరో రోజూ కూచుని మాట్లాడిస్తున్నారనుకున్నాను."

రఘునందన్‌కి రోజూ మధ్యాహ్నం మోగిన ఫోను గుర్తొచ్చింది.

"మరి... మూడో పాసు..."

"నాది తీసేసి ఆవిడకే ఇచ్చెయ్యండి సర్" అన్నాడు జశ్వంత్, సంగతంతా విని.

గార్డు ఆవిడ ఇల్లు చూపించాడు. రోడ్డవతల ప్రభుత్వం కట్టిన పాత ఫ్లాట్లు. కొత్త పాసు పట్టుకుని రఘునందన్ దాదాపు పరుగెత్తాడు.

ఒకమ్మాయి తలుపు తీసింది. హిందీలో చెప్పింది.

"అత్తగారు నిన్ననే గఢ్వాల్ వెళ్ళిపోయారు భాయీసాబ్, కొండల్లో మా ఊరికి. మీ గేటు నుంచి వెనక్కొచ్చినప్పటినుంచీ ఇక్కడ ఉండలేనని ఒకటే గొడవ."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ఇక రానన్నారు."

"పోనీ, ఫోనైనా చేయిస్తారా? మా అమ్మ ఆవిడతో తప్ప మాట్లాడటం లేదండీ. తెలుగులో మాట్లాడే తోడు తనకి ఇక్కడ ఇంకెవరూ లేరు."

ఆ అమ్మాయి వింతగా చూసింది.

"తెలుగా? మా అత్తగారికి గఢ్వాలీ తప్ప ఏదీ రాదు. హిందీయే అంతంతమాత్రం. 'అక్కడొకావిడ రోజూ నాకేదో చెబుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు, అయినా లేచి రాబుద్ధి కాదు' అనేవారు."

పాసు రఘునందన్ చేతిలోనే ఉండిపోయింది.

అమ్మ ఏ మాట అన్నా అది తప్పని తెలియని మనిషి, ఈ ఊరు మొత్తం మీద ఆవిడొక్కతే.