ఎదుటి పక్షం

మేనకోడలి మూడు రోజుల ప్రయాణానికి అక్క అయిదు జతలు సర్దింది. తమ్ముడు సంచి తన వైపు లాక్కుని రెండు జతలు తీసి మంచం మీద పడేశాడు.

"పిల్ల వ్యాసరచన పోటీకి వెళ్తోందా, కాపురానికి వెళ్తోందా?"

"వానొస్తే తడుస్తుందని పెట్టాన్రా."

అతనిది మిల్లు గేటు దగ్గర సంచులు తనిఖీ చేసే ఉద్యోగం. తన చెయ్యి దాటి సూది కూడా బయటికి పోలేదంటాడు. ఇంట్లో మాత్రం ఒకసారి పోయింది. కూతురికి రెండేళ్ళప్పుడు భార్య ఇలాగే మూడు రోజులకని సంచి సర్దుకుని వెళ్ళి, ఇక రానని కబురు పెట్టింది. పసిదాన్ని చూసుకోవడానికి పది రోజులకని వచ్చిన అక్క పదహారేళ్ళుగా ఇక్కడే ఉంది.

సంచి అడుగున, పుస్తకంలో, ఒక కాగితం దొరికింది. కూతురి రాతే. కళ్ళజోడు మిల్లులో మర్చిపోయాడు.

"అక్కా, ఇది చదువు."

అక్క తడిచేతులు తుడుచుకుని చదివింది. "‘పిలిస్తే పలకడమే తప్ప, తనని పలకరించేవాళ్ళు లేని ఇంట్లో మనిషి ఉన్నా ఒకటే, తలుపు గొళ్ళెం ఉన్నా ఒకటే. అలాంటి ఇల్లు వదిలి వెళ్ళడం పారిపోవడం కాదు. ఆలస్యంగా బయల్దేరడం.’"

"అనుకున్నా! తల్లి పోలిక ఎక్కడికి పోతుంది?"

కూతురు జడ అల్లుకుంటూ వచ్చింది. "అయ్యో నాన్నా! నా వ్యాసం ‘ఇల్లు విడిచిపోవడం పరిష్కారం కాదు’ అని. నువ్వు చదివించింది ఎదుటి పక్షం. ముందు వాళ్ళ మాట చెప్పాలి. తర్వాత ‘అయితే’ అని మొదలుపెట్టి కొట్టెయ్యాలి."

"కొట్టెయ్యాల్సినదాన్ని ఇంత ముద్దుగా రాస్తారా?"

"బలంగానే రాయమన్నారు మా టీచరు. చచ్చిన పాముని కొట్టి మొనగాణ్ణంటే ఎవరు నమ్ముతారు?"

అతను నమ్మలేదు. గేటు దగ్గర ఇంతకన్నా మంచి కథలు విన్నాడు. "అక్కా, మళ్ళీ చదువు."

అక్క మళ్ళీ చదివింది. ఈసారి నెమ్మదిగా.

"ఇవన్నీ నీకెవరు నేర్పారే?"

"ఒకరు నేర్పాలా? కళ్ళముందున్నదే రాశా."

"మరి నీ ‘అయితే’ ఏదీ?"

కూతురు తడబడింది. "అదే తోచట్లేదు. బస్సులో రాస్తా."

దొరికింది దొంగ, అనుకున్నాడు. "బస్సుదాకా ఎందుకు? నేన్చెప్తా, రాసుకో. అయితే, అందరూ ఎవరి దారిన వాళ్ళు పోతే పొద్దున్నే క్యారేజీ ఎవరు కడతారు? చొక్కాలెవరు ఉతుకుతారు?"

కూతురు పకపకా నవ్వింది. "అది జవాబు కాదు నాన్నా, ఎదుటి పక్షానికి సాక్ష్యం!"

అక్క నవ్వలేదు.

"ఇంకోసారి కానీ అక్కా. ఎక్కడో మెలిక ఉంది."

మూడోసారి ఆమె కాగితం చూడకుండానే చెప్పింది.

అతనికి మెలిక దొరకలేదు. అయినా తన జాగ్రత్తలో తనున్నాడు. టీచరుకి ఫోన్ చేసి పోటీ నిజమేనని రూఢి చేసుకున్నాడు. తిరుగు టిక్కెట్టు తనే కొన్నాడు. కాగితం జప్తు చేసి అక్క చేతిలో పెట్టాడు.

"దాచు. రేపేదన్నా తేడా వస్తే పనికొస్తుంది."

"ఉంచుకో అత్తా, నాకు నోటికొచ్చు," అంది కూతురు.

బస్సు కదిలే ముందు అక్క కిటికీ పట్టుకుంది. "ఒసే, ఆ ‘అయితే’ తర్వాత రాయడానికి ఏదన్నా తడితే నాకు ఫోన్ చేసి చెప్పవే."

"నీకెందుకత్తా?"

"ఊరికే."

ఆ రెండు రోజులూ అతను కూతురికి గంటకోసారి ఫోన్ చేశాడు. ఎక్కడున్నావ్, పక్కనెవరు, టిక్కెట్టు జాగ్రత్తగా ఉందా. రెండో రోజు సాయంత్రం అక్క అడిగింది. "పిల్ల నాకేమన్నా చెప్పమందా?"

"నేను మాట్లాడుతున్నాగా. నీకేం చెప్తుంది?" అన్నాడు.

మూడో రోజు సాయంత్రం ఆరింటి బస్సుకి కూతురు చెప్పినట్టే తిరిగొచ్చింది. ఆ పొద్దున అతనికి క్యారేజీ కట్టిచ్చి బయల్దేరిన అక్క మాత్రం ఇక రాలేదు.