మనిషి లేని గొంతు

గేటుకు అంటించిన కాగితం గాలికి టపటపా కొట్టుకుంటోంది. నాగమణికి కరోనా అని పెనుకొండలో ఆ వీధికంతా అదే చాటింపు.

ఆమె మిద్దె మీద నిలబడి ఉంది. గదిలో సిగ్నల్ ఉండదు, మిద్దె మీద నీడ ఉండదు. రెండింట్లో ఏదో ఒకటి భరించాలి కదా.

ఫోన్లో అవతల గిరి.

గిరిది చెన్నేకొత్తపల్లి దగ్గర ఓ చిన్న పల్లె. అతని పక్కింట్లో ఉంటాడు మారెప్ప. గొర్రెలు మేపుకునే మనిషి, ముప్పై నాలుగేళ్ళు, మనసు జబ్బు. ఊరూరా తిరిగి అలాంటి వాళ్ళ బాగోగులు చూడటం నాగమణి ఉద్యోగం.

"ఏం చేస్తాండాడు గిరీ?"

"గడప లోపల కూసోనుండాడు మేడం. నాలుగు దినాలాయ మాత్రలు మింగక. నిన్న పెట్టిన సంగటి అట్లే ఉండాది."

"నువ్వు ఇస్తే తీసుకోడా?"

"పిడికిలి బిగిస్తాడు. వాళ్ళమ్మ ఇస్తేనే."

ఆ అమ్మ కదిరమ్మ నాలుగు రోజుల కిందటే హిందూపురంలోని కోవిడ్ వార్డుకు పోయింది. అంబులెన్సు ఎక్కబోతూ, మాత్రల కవరు గిరి చేతిలో పెట్టి మరీ ఎక్కింది.

మాత్రలు మానితే ఏమవుతుందో నాగమణికి తెలుసు. మూడేళ్ళ కిందట అలా మానేసే మారెప్ప బావిలో దూకాడు. ఎవరో దూకమన్నారట. చుట్టుపక్కల నరమానవుడు లేడు.

ఆఫీసులో ఉన్నదే నలుగురు. ఇద్దరు ఆస్పత్రిలో, మూడో మనిషి ఈ మిద్దె మీద. మిగిలిన ప్రవీణ్ ఒక్కడే ధర్మవరం చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ నెత్తిన వేసుకుని తిరుగుతున్నాడు. ఎల్లుండి గానీ రాలేనన్నాడు.

ఎల్లుండి దాకా ఎవరు ఆగుతారు?

తనే పోదామని పొద్దుటి నుంచి రెండుసార్లు మెట్లు దిగింది. కదిరమ్మను మంచాన పడేసిన జబ్బునే మోసుకుని ఆ పల్లెకు పోవడమా? రెండుసార్లూ గేటు దగ్గరి నుంచే వెనక్కి వచ్చింది.

వార్డుకు ఫోన్ చేస్తే నర్సు ఎత్తింది. కదిరమ్మకు ఆయాసం బాగా ఎక్కువైందట.

"తొందరగా మాట్లాడించండి మేడం. ఆక్సిజన్ మాస్కు తీసి ఎక్కువ సేపు ఉంచలేం."

కదిరమ్మ మాట ఆగి ఆగి వచ్చింది. "నా గొంతు ఇంటే మింగుతాడు మేడం... నేను చెప్పింది... ఎప్పుడూ కాదన్ల్యా వాడు."

వీడియో కలుపుదామంటే గిరిది బటన్ల ఫోను. నాగమణి రెండు లైన్లూ కలిపింది.

"గిరీ, స్పీకర్ పెట్టి ఫోను గడప మీద పెట్టు. నువ్వు పక్కకు రా."

"రే మారీ..." కదిరమ్మ పిలిచింది. "నేన్రా... మీయమ్మను... మాత్ర మింగు కొడకా..."

అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"ఏమైంది గిరీ?"

"తలుపు ఎనక చూస్తాండాడు మేడం. గోడ పక్క చూసినాడు. మనిషి కోసం ఎతుకుతాండాడు. ఇప్పుడు చెవులు మూసుకున్నాడు."



అది నాగమణి నేర్పిందే. నెల నెలా ఆ ఇంటి వసారాలో కూర్చుని, రెండేళ్ళ పాటు విసుగు లేకుండా నేర్పింది. గొంతు వినపడితే ముందు మనిషి కోసం చూడు. మనిషి ఉంటే పలుకు. లేకపోతే అది నీ జబ్బు, ఎంత పిలిచినా పలకొద్దు.

ఆ మాట పట్టుకునే మారెప్ప మళ్ళీ బావి వైపు పోలేదు. కొత్తగా చేరిన వాళ్ళకు నాగమణి అదెంతో గొప్పగా చెప్పుకునేది.

ఆ ఇంట్లో ఫోను లేదు. ఫోను సంగతి ఆమెకు తట్టనే లేదు.

"మీయమ్మే రా!" గిరి అరుస్తున్నాడు. "నిజంగా మీయమ్మే! ఆస్పత్రి నుంచి మాట్లాడతాండాది!"

"అన్నీ అట్లే చెప్తాయి." మారెప్ప గొంతు. తెలియని వాడికి తెలియజెప్పినట్టు, నెమ్మదిగా.

"మారెప్పా, నేను, మేడంను!" నాగమణి కూడా అరిచింది. "ఈ ఒక్కసారికి పలుకు. నేనే చెప్తాండా కదా, పలుకు!"

అన్నాక గుర్తొచ్చింది, ఆ గడప మీద తానూ గొంతేనని.

కదిరమ్మ ఇప్పుడు మాత్రల ఊసు ఎత్తడం లేదు.

"మారీ... ఊ అను నాయనా... ఒక్క తూరి..."

"చాలమ్మా" అంటోంది నర్సు.

"వాడు ఊ అంటే చాలు తల్లీ. అది ఇని పెట్టేస్తా."

"ఏడుస్తాండాడు మేడం. పలుకుతానేమోనని నోట్లో టవల కుక్కుకున్నాడు."

వార్డు నుంచి కదిరమ్మ ఆయాసం ఒక్కటే వినిపిస్తోంది.

కాసేపటికి గడప దగ్గర అడుగుల చప్పుడైంది. మారెప్ప బయటికి వచ్చి గిరితో మాట్లాడుతున్నాడు. గిరి కళ్ళెదుట ఉన్న మనిషి కదా.

"గిరన్నా, మేడం వస్తే చెప్పు. ఈ తూరి అచ్చం మాయమ్మ గొంతుతో వచ్చినాది. అయినా నేను పలకల్యా."

హిందూపురం లైను ఇంకా కట్ కాలేదు.