ఠీక్ హై సాబ్

"రిపోర్టా బేటీ? ఓపాలి సూడనిస్తావేటి?"

సుపేలా బజారులో జిరాక్స్ షాపు ముందు స్టూలు మీద కూర్చున్న ముసలాయన చెయ్యి చాపాడు.

చాందిని కాగితాన్ని గుండెకి హత్తుకుంది. "బ్రోకర్లతో మాకు పని లేదు తాతా."

"బ్రోకర్నయితే బండి మీద తిరిగీవోణ్ణి. ఈ కుంటి స్టూలెందుకే నాకు?"

షాపు నడిపే మీనాక్షి మిషన్ దగ్గర్నుంచే కేకేసింది. "ఇచ్చి చూడు దీదీ. నూకరాజు తాత. అందరూ డాక్టర్ సాబ్ అంటారు."

చాందిని తండ్రి జోగయ్య రిసాలి దగ్గర ఒక వర్క్‌షాపులో ఫిట్టరు. మూడు నెలల కిందట చైను తెగి, ఇనపదూలం కుడిభుజానికి కొట్టుకుంది. కట్టు విప్పారు గాని చెయ్యి పైకి లేవడం లేదు. పరిహారం కేసులో ఈ డాక్టరు రిపోర్టే సాక్ష్యం. అది చూసి యజమాని కబురంపాడు, సోమవారం నుంచి వచ్చి నిచ్చెనెక్కమని. ఒంటిచేత్తో నిచ్చెనెక్కితే మనిషి దక్కుతాడా?

ఆ హిందీ ఊళ్ళో చాందిని చదివింది హిందీ మీడియం. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు గాని, డాక్టర్ల భాష ఆ దేవుడికే ఎరుక.

సరే, పోయేదేముందని కాగితం ఇచ్చింది.

నూకరాజు జేబులోంచి ఒక పాత మడత కాగితం తీశాడు. దాని వంక చూశాడు, దీని వంక చూశాడు. 'రేట్లు చూసుకుంటున్నట్టున్నాడు, బ్రోకరే' అనుకుంది చాందిని.

ఆయన వేలు మెల్లగా పాకి ఒకచోట ఆగింది.

"ఇక్కడ సూడు. నో కంప్లెయింట్స్. మీ నాన్నకి ఏ బాదా నేదని రాసీసినారు."

"ఝూఠ్! పొద్దస్తమానం మూలుగుతూనే ఉంటాడు."

"ఎలాగుందని డాక్టరడిగితే మీ నాన్న ఏటన్నాడు?"

చాందిని గుర్తు తెచ్చుకుని నాలుక కరుచుకుంది.

"ఠీక్ హై సాబ్, ఆప్ కీ దయా... అన్నాడు."

"అదీ సంగతి! బాగానే ఉందనీసినాడు. పెద్దోళ్ళడిగితే బాదలు సెప్పుకోకూడదు మనోళ్ళకి. మనకది మర్యాద. కాయితమెక్కితే అదే సాచ్చికం."

చాందిని గొంతు మెత్తబడింది. "మిగతాది కూడా చదివి చెప్పండి తాతా."

నూకరాజు కాగితం చటుక్కున తిరిగిచ్చేశాడు.

"అదంతా ఒగ్గీ. మల్లీ డాక్టరు కాడికెల్లండి. నొప్పి, నొప్పి అనీసి ఊరుకోకండి. ఏ పని సెయ్యనేడో సెప్పండి. తల దువ్వుకోనేడా, సొక్కా తొడుక్కోనేడా... అవీ డాక్టరు రాసుకునీ మాటలు."

అంతలో దగ్గు తెర వచ్చింది. గుండె పట్టుకుని వంగిపోయాడు.

"ఒంట్లో బాగుందా తాతా?"

"నాకేటే బంగారం. ఠీక్ హై."

చాందిని సరేననుకుని ఆటో ఎక్కేసింది.

మర్నాడు డాక్టరు అడిగాడు. "కైసే హో, జోగయ్యా?"

"ఠీక్..."

చాందిని తండ్రి కాలు తొక్కింది.

"సాబ్, మూడు నెలల్నుంచి ఈయనకి తల నేనే దువ్వుతున్నాను," అంది హిందీలో. "పాపిడి వంకరగా తీశానని రోజూ తిట్లు కూడాను."

డాక్టరు నవ్వి, తన జేబులోని దువ్వెన తీసి జోగయ్య కుడిచేతికిచ్చాడు. "దువ్వుకో."

చెయ్యి గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకా లేపబోయేసరికి జోగయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మాఫ్ కర్నా సాబ్," అన్నాడు. ఆ మనిషి మర్యాద మండిపోనూ!

డాక్టరు నవ్వు మాని, చెయ్యి ఎంత లేస్తోందో కొలతలు తీసి, కొత్త రిపోర్టు రాశాడు.

దాంతో యజమాని నిచ్చెన మాట మళ్ళీ ఎత్తలేదు. ఆరు నెలలు పట్టింది గాని, పరిహారం కూడా వచ్చింది. జోగయ్య స్టోరులో కూర్చుని చేసే పనికి మారాడు. పాపిడి మాత్రం ఇప్పటికీ వంకరే.

ఆ ఆరు నెలల్లో చాందిని ఆ దారిన చాలాసార్లు వెళ్ళింది. కేసు తేలాక స్వీటు పట్టుకునే వెళదామని ఒక్కసారీ ఆటో దిగలేదు.

తీరా ఖాజాల డబ్బాతో దిగేసరికి స్టూలు ఖాళీగా ఉంది.

"పోయి పదకొండు రోజులైంది దీదీ," అంది మీనాక్షి. "గుండె. ఆస్పత్రికి తీసుకెళితే అక్కడ కూడా ఠీక్ హై అన్నాడట."

చాందిని స్టూలు పక్కనే చతికిలబడింది.

"నాతోనూ అదే అన్నాడు. నేనూ నమ్మేశాను." ఏడుపు ఆగలేదు. "అంత చదువుకున్న డాక్టరు, తన బాధ తను చెప్పుకోలేకపోయాడా?"

మీనాక్షి సొరుగులోంచి ఆ పాత మడత కాగితం తీసి ఇచ్చింది.

చాందిని విప్పింది. రేట్లు లేవు. అదీ ఒక మెడికల్ రిపోర్టే. పేరు నూకరాజు, హెల్పరు. నో కంప్లెయింట్స్ అన్న రెండు మాటల కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది.

"ఆ మాటలతోనే ఆయన కేసు కొట్టేశారు," అంది మీనాక్షి. "అవి ఇంకెవరి కాగితంలోనైనా ఉన్నాయేమో పోల్చి చూసుకోవడానికే పదహారేళ్ళు ఇక్కడ కూర్చున్నాడు."

"మరి మిగతాది చదవమంటే ఎందుకు వద్దన్నాడు?"

మీనాక్షి కాగితం అడుగున వేలు పెట్టి చూపించింది.

సంతకం ఉండాల్సిన చోట నూకరాజు వేలిముద్ర ఉంది.